రాకుమారి చెప్పిన రాక్షసుడు

పొన్నవరం ఏలే తిమ్మభూపాలుడికి ఒకనాడు భయపడాలని సరదా పుట్టింది. ఎనిమిదేళ్ల కూతురు కనకాంబను కొలువుకు పిలిపించి, "ఒక రాక్షసుణ్ణి వర్ణించు తల్లీ, నాకు ఒళ్లు జలదరించాలి" అన్నాడు.

గురువు పేరిశాస్త్రి నేర్పినదంతా ఆ పిల్ల ఏకరువు పెట్టింది. తాటిచెట్టంత ఒళ్లు, గునపాల్లాంటి కోరలు, నిప్పుకణికల్లాంటి కళ్లు, మెలితిరిగిన కొమ్ములు. గోళ్ల దగ్గరికొచ్చేసరికి రాజు ఆవులించాడు.

కనకాంబ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా వర్ణనలో లోపం లేదు ప్రభూ," అన్నాడు శాస్త్రి శాలువా సర్దుకుంటూ. "అమ్మాయికే ఊహ తక్కువ. చదువు మాన్పించి పూలమాలలు కట్టడం నేర్పిస్తే మేలు."

ఆ మాటకు రాణిగారి చెలికత్తె అక్కాజమ్మ మనసు చివుక్కుమంది.

"ఒక్క పూట గడువిప్పించండి ప్రభూ. నేను నేర్పి చూస్తాను."

"నీకేం తెలుసని నేర్పుతావు?" అన్నాడు శాస్త్రి.

"భయపడటం తెలుసండి. మీరు పద్యం ఎత్తుకుంటే చాలు, నా కాళ్లు తలుపు వైపు లాగుతాయి."

రాజు నవ్వి సరేనన్నాడు.

అక్కాజమ్మ పిల్లను తోటలోకి తీసుకెళ్లి కళ్లు తుడిచింది. "నీకెప్పుడు భయమేస్తుంది బంగారూ?"

"ఏమీ కనబడకుండా చప్పుడు మాత్రం వినబడితే," అంది కనకాంబ.

"అయితే వాణ్ణి చూపించకు. వినిపించు. మెల్లగా దగ్గరికి తీసుకురా."

సాయంత్రం కొలువులో కనకాంబ గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"వాడొచ్చే ముందు పావురాలు కూయడం మానేస్తాయి. తర్వాత తడిమట్టి వాసన వస్తుంది. నేల మీద ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు. అదీ ఆగిపోతుంది. వాడు అరవడు, పరిగెత్తడు. ఎవరైతే తనను నమ్మరో వాళ్ల వెనకే వచ్చి నిలబడతాడు. మెడ మీద చల్లగా ఊపిరి తగులుతుంది."

రాజు సింహాసనం చేతులు గట్టిగా పట్టుకున్నాడు. శాస్త్రి మాత్రం వినీ విననట్టు కూర్చున్నాడు.

కనకాంబ అతని భుజం మీదుగా చూసి ఆగింది.

"శాస్త్రిగారూ, మీరు కదలకండి."

శాస్త్రి ఒక్క దూకు దూకి సింహాసనం పక్కన పడ్డాడు. శాలువా పీట మీదే ఉండిపోయింది.

సభ ఘొల్లుమంది. శాస్త్రి లేచి నిలబడి, "ఇదేం వర్ణన? కొమ్ముల్లేవు, కోరల్లేవు, అసలు రాక్షసుడే లేడు" అన్నాడు.

అక్కాజమ్మ వినయంగా చేతులు జోడించింది.

"వాడికి కొమ్ములూ కోరలూ మీరే మనసులో తగిలించారు కదండీ. లేకపోతే ఎవణ్ణి చూసి దూకారు?"

రాజు కడుపు పట్టుకుని నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి అక్కాజమ్మకిచ్చాడు. కనకాంబ పాఠాలు ఆమెకే అప్పగించాడు. శాస్త్రి కూడా నవ్వాడు. కానీ ఓసారి వెనక్కి చూసుకున్నాకే.