పెంకుపురుగు మడతలో కోర

నల్లగట్టు అడవిలో దుప్పులు, అడవికోళ్ళు, ముంగిసలు హాయిగా బతికేవి. వాటన్నిటి కాళ్ళ కింద, ఓ మద్దిచెట్టు మొదట్లో పెద్ద చీమలపుట్ట ఉండేది. ఆ పుట్ట వాకిట కాపలా కాసేవాళ్ళలో అందరికన్నా చిన్నది ఆవగింజ అనే చీమ. పనిలో మాత్రం మహా చురుకు.

కాపలాకు పెద్ద గండుచీమ. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. వచ్చిన ప్రతివారి వీపునూ మీసాలతో తడమాలి. తెలిసిన దొంగ వీపు తగిలితే కరిచి తరమాలి. ఆ పద్ధతంటే ఆయనకు ఎక్కడలేని గర్వం.

ఒకరోజు ఓ పెంకుపురుగు వీపంతా పసుపురంగు పుప్పొడి పూసుకుని దర్జాగా వచ్చింది. తెలిసిన దొంగ వీపు కాదు కదా అని ఎవరూ ఆపలేదు. అది తిన్నగా గుడ్లగది తలుపు తీసి, సగం గుడ్లు మింగి పోయింది.

గండుచీమ మండిపడ్డాడు. పసుపు వీపును గుర్తుపెట్టుకోమని అందరికీ నూరిపోశాడు. వారం తిరక్కుండా అదే పురుగు ఎర్రమట్టి పూసుకుని వచ్చింది. కాపలావాళ్ళు పసుపు కోసం వెతుకుతూ దానికి దారి ఇచ్చేశారు. అది మళ్ళీ గుడ్లు మింగి పోయింది.

ఇక ఒక్క వరుస గుడ్లే మిగిలాయి. అవీ పోతే పుట్టలో కొత్త చీమ పుట్టదు. వానల్లో ఆ గుడ్లను నోట కరుచుకుని మోసింది ఆవగింజే. దానికి ఏడుపు ముంచుకొచ్చింది.

గండుచీమ ఎర్ర వీపు పాఠం మొదలుపెట్టగానే ఆవగింజ గుడ్లగదికి పరుగు తీసింది. ఆ మట్టితలుపుకు ఒక వంకర కన్నం ఉంది. దవడ అందులో సరిగ్గా పట్టి తిప్పితేనే తెరుచుకుంటుంది. కన్నం పక్కన కొత్తగా రెండు గీతలు పడ్డాయి. రెండూ చీమ దవడలాగే వంకరగా ఉన్న ఒకే కోర గీసినవి. ఆవగింజ ఒక్క ఉరుకున వాకిటికి వచ్చింది.

"గండుమామా, వీపులు వదిలెయ్. వాడు రోజుకో వీపు మార్చగలడు, తలుపు తీసే కోర మార్చలేడు. మారిస్తే కన్నంలో పట్టదు. మనం తడిమే వీపు మీద అది ఎప్పుడూ తగల్లేదంటే, గొంతు కింద మడతలోనే దాచుకుని తిరుగుతుండాలి."

"అయితే వచ్చినవాళ్ళందరి గొంతుల కిందా దూరమంటావా?" అని గండుచీమ పకపకా నవ్వాడు.

మర్నాడే పురుగు వచ్చింది. ఈసారి పుట్టమన్నే ఒళ్ళంతా పూసుకుంది. వాసన కూడా పుట్ట వాసనే. గండుచీమ తడిమి, మనవాడే పోనివ్వమన్నాడు.

ఆవగింజ ఆగలేదు. సర్రున దాని కిందికి దూరి, గొంతు దగ్గరి మడత లాగింది. వంకర కోర బయటపడింది. ఆవగింజ దాన్ని కరిచి పట్టుకుంది. పురుగు ఎగిరింది, దొర్లింది, పూతంతా రాలిపోయింది. ఆవగింజ పట్టు మాత్రం వదల్లేదు. అంతలో వందలమంది ఎగబడ్డారు. కోర పుటుక్కున విరిగింది. పురుగు కుంటుకుంటూ అడవిలోకి పారిపోయింది. కోర లేని పురుగుకు ఏ పుట్ట తలుపూ తెరుచుకోలేదు.

ఆ సాయంత్రం నుంచి వాకిట్లో అందరూ తల పైకెత్తి గొంతు చూపించి వెళ్ళాలి. మొట్టమొదట తల ఎత్తి నిలబడింది గండుచీమే.

పిల్లలూ, మన ఒంట్లోకి దూరే వైరస్‌లు కొన్ని ఇలాగే చేస్తాయి. వాటి పైనుండే ప్రోటీన్ ముళ్ళు మన ఒంటి కాపలాకు దొరక్కుండా మన చక్కెరలనే కప్పుకుంటాయి, పైరూపు మార్చేస్తుంటాయి. కణం తలుపు తీసే చోటును మాత్రం అంత సులువుగా మార్చలేక మడతల్లో దాచుకుంటాయి.

నీతి: దొంగ మార్చే వేషాన్ని కాదు, మార్చలేని పనిముట్టును పట్టుకోవాలి.