తెల్లమీసాల రొయ్యని చేపలు ఎందుకు మింగవు

ఒకప్పుడు సముద్రంలో రొయ్య అంటే చేపలకి ఒక్కటే అర్థం: భోజనం. ఎర్ర రొయ్య, చారల రొయ్య, మీసాల రొయ్య అనే తేడా లేదు. కనిపిస్తే గుటుక్కుమనడమే. ఇప్పుడు మాత్రం ఒక రొయ్యకి ఆ భయం లేదు. ఎందుకు లేదో చెబుతాను, వినండి.

ఎండ అడుగుదాకా దిగే వెచ్చటి నీళ్లలో పగడాల మామ్మ ఉండేది. పగడమంటే మెడలో వేసుకునే ఎర్రపూస అనుకునేరు. కొమ్మలు వేసుకుని, ఒక్కో కొమ్మ మీద వందలకొద్దీ బుల్లి నోళ్లు పెట్టుకుని, కదలకుండా కూర్చునే ప్రాణి అది. చెట్టు కాదు, రాయి కాదు, జంతువే. కాలేజీలో మా జంతుశాస్త్రం మేష్టారు ఈ మాట చెబితే మేమెవ్వరం నమ్మలేదు. పరీక్షలో ప్రశ్న వచ్చాక నమ్మాం. సరే, కథలోకి వద్దాం.

మామ్మ కొమ్మల మధ్య చేపలన్నీ కాపురం ఉండేవి. ఆ ఏడాది చేపలకి పేలు పట్టాయి. మీకే కాదు, చేపలకీ పేలుంటాయి. పొలుసుల సందుల్లో దూరి రక్తం తాగుతాయి. గోక్కుందామంటే చేపకి చెయ్యేదీ? అందుకని అవి మామ్మ కొమ్మలకేసి ఒళ్లు రుద్దుకునేవి. రుద్దినప్పుడల్లా ఒక కొమ్మ పుటుక్కున విరిగేది.

"మెల్లిగా రుద్దుకోండర్రా, ప్రాణం పోతోంది!" అనేది మామ్మ.

"దురద ఆగట్లేదు మామ్మా!" అంటూ చేపలు ఇంకో కొమ్మ విరగ్గొట్టేవి.

"ఇలాగే సాగితే వచ్చే అమావాస్యకల్లా నేను ఇసుక కుప్పనైపోతాను. నేను పోతే ఈ పిచ్చిముండలకి ఇల్లు పోతుంది. పేలు ఏరేవాళ్లని ఎవరినైనా పెట్టుకోవాలి" అనుకుంది మామ్మ.

పేలు ఏరాలంటే సన్నటి చేతులుండాలి. సముద్రంలో చేతులున్నవాళ్లు పెంకు జాతివాళ్లు, అంటే పీతలూ రొయ్యలూ. మామ్మ వాళ్లకి కబురు పంపింది.

మామ్మకి ఒక పద్ధతి ఉంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు కడుపునిండా పెట్టాలి, ఆ తర్వాతే పనిమాట. మంచి పద్ధతే, నేను కాదనను. మా ఇంట్లోనూ అదే. కానీ పనివాళ్లని ఎంచుకునేటప్పుడు అదే ఆవిడ కొంప ముంచింది.

మొదట పచ్చపీత వచ్చింది. మామ్మ దానికి నాచు వడ్డించింది.

"నాచంటే నాకు ప్రాణం మామ్మా! నీ ఒంటిమీద పేరుకున్నదంతా కూడా గీకేస్తాను" అంది పచ్చపీత.

అన్నట్టే పదిరోజులు గీకింది. మామ్మ మురిసిపోయింది. పదకొండో రోజుకి నాచు అయిపోయింది. పన్నెండో రోజున మామ్మ "అబ్బా!" అని అరిచింది. చూస్తే ఏముంది, పచ్చపీత ఆవిడ బుల్లి నోళ్లని ఒక్కొక్కటే గిల్లుకుని తింటోంది!

"ఇదేం పనే?"

"ఆకలి మామ్మా."

"వచ్చినరోజు కడుపునిండా పెట్టాను కదే!"

"అది వచ్చినరోజు కదా!" అంది పచ్చపీత, ఇంకోటి గిల్లుతూ.

దాన్ని పంపేశాక గుద్దురొయ్య వచ్చింది. నెమలికున్నన్ని రంగులు దాని ఒంటి మీద. రెండు పిడికిళ్లూ గుండెల ముందు ముడుచుకుని, నమస్కారం పెడుతున్నట్టే నిలబడింది. "ఎంత వినయం!" అనుకుంది మామ్మ. మళ్లీ కడుపునిండా పెట్టింది. గుద్దురొయ్య తిని ఒక మూల పడుకుంది.

మూడోరోజు దానికి ఆకలేసింది. ముడుచుకున్న పిడికిలి విసిరింది. ఠప్పుమని చప్పుడు! ఎదురింటి నత్త పెంకు పగిలింది. మళ్లీ ఠప్పు! మామ్మ కొమ్మ ఒకటి విరిగింది. నత్త పక్కింట్లోకి పరిగెత్తింది. ఈ ప్రపంచంలో నత్త పరిగెత్తింది ఆ ఒక్కసారే.

"నాయనా, నువ్వు మంచివాడివే, కానీ ఒంటరిగా మంచివాడివి. ఎక్కడైనా దూరంగా వేరే బొరియ చూసుకో" అంది మామ్మ.

ఆ సాయంత్రం వేలెడంత రొయ్య ఒకటి వచ్చింది. వీపు మీద ఎర్రచార, దాని మధ్య తెల్లగీత, ఒంటికంటే పొడుగైన తెల్లమీసాలు. ఇంట్లో పెట్టడానికేమీ మిగల్లేదు. మామ్మ సిగ్గుతో కుంచించుకుపోయింది.

"ఇవాళ ఏమీ లేదు నాయనా. రేపు రా, భోంచేశాక మాట్లాడుకుందాం."

"నేను తిని రెండురోజులైంది మామ్మా. ఇప్పుడే చూడు నన్ను. తిన్నాక చూస్తే నీకేం తెలుస్తుంది?"

మామ్మ ఉలిక్కిపడింది. తను చేస్తున్న పొరపాటేమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది. "అయితే నా కొమ్మ మీద కూర్చో" అంది.

ఆ రొయ్య ఆకలితో ఒక పూటంతా కూర్చుంది. ఒక్క బుల్లి నోటినీ గిల్లలేదు. పక్కనుంచి వెళ్తున్న చేప ఒంటి మీద పేను కనిపిస్తే మాత్రం చటుక్కున పీకి తింది.

"ఈ పని నీదే!" అంది మామ్మ.

"సంతోషం. మరి ఈ చేపలు నన్ను మింగితే?"

అక్కడున్న చేపలన్నీ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. నిజం చెప్పొద్దూ, అన్నీ అదే ఆలోచనలో ఉన్నాయి.

"నేను మీసాలు ఊపుతాను. ఊపితే నేనేనని తెలుసుకుని, నోరు తెరిచి కదలకుండా ఉండండి. పని కాగానే బయటికొస్తాను. మాట ఇస్తారా?" అంది రొయ్య.

చేపలు మాటిచ్చాయి. ముందుగా మలుగుమామ వచ్చాడు. పాములా పొడుగ్గా, నోటినిండా సూదుల్లాంటి పళ్లతో ఉండే చేప ఆయన. ఆయన్ని చూస్తే అందరికీ హడలే.

"ఒరే బుడ్డోడా, నా పళ్ల సందున ఒకటి పట్టుకుని పదిరోజులుగా వదలట్లేదు. దాన్ని తీశావంటే నిన్ను నెత్తిన పెట్టుకుంటా" అన్నాడు.

రొయ్య మీసాలు ఊపి నోట్లోకి నడిచింది. పేనుని పీకి పట్టుకొచ్చింది. మలుగుమామ కళ్లు మూతలు పడ్డాయి, అంత హాయి! మర్నాటినుంచి చేపలు వరస కట్టాయి. కొమ్మలు విరగడం ఆగింది. మామ్మకి కొత్త చిగుళ్లు కూడా వచ్చాయి.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున పసుపుచేప కెవ్వుమంది. మలుగుమామ బొరియ ముందు రొయ్య పెంకు పడి ఉంది. కాళ్లూ మీసాలూ అన్నీ ఉన్నాయి, లోపల మాత్రం ఖాళీ!

"తినేశాడు! తిని తొక్క ఊశాడు!" అని పసుపుచేప గగ్గోలు పెట్టింది.

"నేనెప్పుడైనా తొక్క ఒలిచి తిన్నానటే? మింగితే మొత్తం మింగేవాణ్ణి కదా!" అన్నాడు మలుగుమామ. ఆ మాటతో ఆయన మీద అనుమానం ఇంకాస్త పెరిగింది.

మామ్మ మలుగుమామతో అంది: "మాట తప్పినవాడికి నా దగ్గర చోటు లేదు. వెళ్లిపో."

"ఆయన తప్పిన మాట మేమెందుకు నిలబెట్టుకోవాలి? ఇంక దొరికిన రొయ్యని దొరికినట్టే మింగేద్దాం!" అన్నాడు బొంగురుగొంతు పెద్దనోటి చేప. పేలు ఏరేవాడు లేడు కదా అని అప్పుడే ఒక చేప కొమ్మకేసి రుద్దుకుంది. పుటుక్కు!

ఈ మాటలన్నీ రాతి సందులో దాక్కున్న తెల్లమీసాల రొయ్య వింటూనే ఉంది. అది చావలేదు. ఒళ్లు పెరిగి పాత పెంకు బిగుతైతే విడిచేసింది, అంతే. పెంకు జాతిలో అందరూ చేసే పనే అది. కానీ కొత్త పెంకు గట్టిపడటానికి రెండు రోజులు పడుతుంది. అందాకా ఒళ్లు తాటిముంజంత మెత్తన. ఏ చేపకైనా అంతకంటే రుచైనది ఉండదు. బయటికెళ్తే ప్రాణం దక్కుతుందన్న నమ్మకం లేదు. వెళ్లకపోతే చెయ్యని తప్పుకి మలుగుమామ ఇల్లు పోతుంది, మామ్మ ఇసుకైపోతుంది.

రొయ్య బయటికొచ్చింది.

చేపలన్నీ బిగుసుకుపోయాయి. పొద్దున్నుంచీ ఒక్కటీ ఏమీ తినలేదు. మెత్తటి రొయ్య వాటి మధ్యనుంచి నడుచుకుంటూ మలుగుమామ ముందుకి వెళ్లి ఆగింది. మెత్తటి మీసాలు ఊపింది.

"నోరు తెరువు మామా. నిన్న కుడిపక్కన ఒకటి వదిలేశాను."

మలుగుమామ నోరు తెరిచాడు. రొయ్య లోపలికి వెళ్లింది. ఒక చిన్న అల కూడా లేదు. మలుగుమామ దవడలు కదపకుండా, ఊపిరి బిగబట్టి అలాగే ఉన్నాడు. కాసేపటికి రొయ్య పేనుతో బయటికొచ్చింది.

"చొక్కా మార్చుకుంటే చచ్చిపోయానంటారేమిటి!" అంది.

"ఎంత మెత్తగా ఉన్నాడో..." అని గొణిగాడు పెద్దనోటి చేప. గొణిగి, తనే సిగ్గుపడి, దాని ముందుకొచ్చి నోరు బార్లా తెరిచి నిలబడ్డాడు. పసుపుచేప అతని వెనకాల వరసలో చేరింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. ఆ రోజు ఆ మెత్తటి రొయ్య ఎన్ని నోళ్లలోకి వెళ్లిందో, అన్ని నోళ్లలోంచీ క్షేమంగా బయటికొచ్చింది.

అప్పటినుంచే గాజుతొట్టిలో చిన్న సముద్రం కట్టుకునేవాళ్లు పచ్చపీతని ఒక కంట కనిపెడతారు, గుద్దురొయ్యకి వేరే తొట్టి పెడతారు, తెల్లమీసాల రొయ్యని మాత్రం నిశ్చింతగా పగడాల మధ్య వదులుతారు. ఖాళీ పెంకు కనిపిస్తే చేపని తిట్టేముందు రాళ్ల సందుల్లో వెతుకుతారు. సముద్రంలోనైనా తొట్టిలోనైనా ఆ తెల్లమీసాలు ఊగాయంటే చేప నోరు తెరుస్తుంది. రొయ్య బయటికొచ్చేదాకా, ఎంత ఆకలేసినా, మూయదు.