పాతని కొడవలి

ఒకప్పుడు ఒక కోటలో కత్తులు మాయమయ్యాయి. వాటిని వెతకడానికి దండాధికారి భైరప్ప దారానికి సూదంటురాయి కట్టుకుని ఎర్రదిబ్బ అనే ఊరికొచ్చాడు. ఆ ఊరి మట్టినిండా ఇనుపరజనే. రాయి ఎక్కడ వేలాడదీసినా నేలకేసి లాగేది.

సోమక్క అనే రైతు కోతలైపోయిన చేలోనూ లాగింది.

"కత్తులు ఇక్కడే దాచావు. ఇక ఈ చేను రాజుగారిది," అన్నాడు భైరప్ప.

సోమక్క రాజు దగ్గరికి వెళ్లింది. "మహారాజా, చేలో నా కొడవలి పాతిపెడతాను. అయ్యగారి రాయి దాన్ని పట్టిస్తే చేను వదులుకుంటాను," అంది. రాజు సరేనన్నాడు.

మర్నాడు రాజు ఎదుటే భైరప్ప చేనంతా తిరిగాడు. రాయి లాగిన ప్రతిచోటా "ఇక్కడే ఉంది, తవ్వండి," అన్నాడు. పొద్దు వాలేసరికి చేనంతా గుంతలే తప్ప కొడవలి లేదు.

"బాగా లోతుగా పాతింది ప్రభూ," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

సోమక్క పక్కనున్న గడ్డిమోపులోంచి కొడవలి తీసింది. "నేను పాతనేలేదు మహారాజా. పాతని కొడవలినే ఈ రాయి ఇన్నిచోట్ల చూపించింది. నేను దాచని కత్తుల్నీ ఇలాగే చూపించింది."

రాజు నవ్వాపుకోలేక, గుంతలు పూడ్చమని భైరప్పకు చెప్పాడు.

"పూడ్చొద్దు దొరా," అంది సోమక్క. "గుమ్మడి గింజలు పెట్టుకుంటాను."