బస్సు రాని బస్టాపు

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరు కాదులే చిట్టీ, ఇంగ్లండులో చిత్తడి నేలల పక్కనున్న ఒక చిన్న ఊళ్ళో, భూషణమ్మ అని ఒకావిడ ఉండేది. కూతురికి పురుడు పోయడానికి వెళ్ళింది పాపం.

"అది నీ పేరే కదా అమ్మమ్మా?"

"ఆ పేరు నాకొక్కదానికే ఉందేమిటి? అడ్డురాకుండా విను."

ఒకరోజు ఇంట్లో పచ్చిమిరపకాయలు అయిపోయాయి. కూతురు ఆస్పత్రి డ్యూటీకి వెళ్ళింది. అప్పుడు భూషణమ్మ, బస్సెక్కి టౌనుకెళ్ళి నేనే తెచ్చుకుంటానని బయల్దేరింది. ఊరి చివర, రెల్లు దుబ్బుల పక్కన ఒక చెక్క గది కనిపించింది. లోపల బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఇంకేం, ఇదే బస్టాపు అనుకుని ఆవిడా కూర్చుంది.

అది బస్టాపు కాదే తల్లీ. పిట్టలు బెదరకుండా చాటున కూర్చుని చూసుకునే గది. ఆ పెద్దాయన పేరు గిల్బర్టు. ఆయనా, ఆయన భార్యా ఏటా వసంతంలో అక్కడికొచ్చి, రెల్లులో దాక్కునే ఒక కొంగజాతి పిట్ట కూత వినేవారు. తర్వాత ఆ పిట్ట రావడం మానేసింది. ఈలోగా భార్య పోయింది, ఈయనకి చెవులు పోయాయి. అది మళ్ళీ వచ్చినా నాకెలా తెలుస్తుందని ఆయన బెంగ. అయినా రోజూ వచ్చి కూర్చునేవాడు. ఈ సంగతులన్నీ భూషణమ్మకి తర్వాత కూతురు చెప్తే తెలిశాయి.

మొదటి రోజు ఆవిడ తన కష్టసుఖాలన్నీ ఆయనకి తెలుగులో చెప్పుకుంది. ఆయన నోటి మీద వేలు పెట్టి చూపించాడు. బస్సు రాలేదు.

రెండో రోజు జంతికలు పట్టుకెళ్ళింది. కరకరమని నమిలేసరికి నీళ్ళల్లో బాతులన్నీ లేచిపోయాయి. ఆయన కోప్పడలేదు. తనూ ఒక జంతిక తీసుకుని, చప్పుడు కాకుండా నోట్లో నానబెట్టుకుని తిన్నాడు. ఆవిడకి నవ్వాగలేదు. బస్సు మాత్రం రాలేదు.

ఆ తర్వాత మూడో రోజు బుద్ధిగా నోరు మూసుకుని కూర్చుంది. రెల్లు ఊగుతోంది, సన్నగా జల్లు పడుతోంది. ఉన్నట్టుండి దూరంగా, ఖాళీ బిందెలో నోరు పెట్టి ఊదినట్టు, 'హూం' అని వినిపించింది.

"బస్సొచ్చిందండీ, లేవండి," అంటూ ఆయన చొక్కా చెయ్యి పట్టుకు లాగింది. అక్కడి బస్సులు మన అమలాపురం బస్సులా హారన్ కొట్టవని ఆవిడకేం తెలుసు?

ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు ఆవిడ రెండు చేతులూ నోటికి గుండ్రంగా పెట్టి, "హూం," అని పెదాలతో చేసి చూపించింది. రెల్లు వైపు వేలు చాపింది.

ఆయన లేవబోయిన వాడల్లా కూలబడ్డాడు. కళ్ళు నిండిపోయాయి. మెల్లగా తన చెయ్యి చాచి, అరచెయ్యి పైకి ఉండేలా బల్ల మీద పెట్టాడు.

పిట్ట మళ్ళీ కూసింది. భూషణమ్మ ఆయన అరచేతిలో వేలితో ఒకసారి తట్టింది. ఇంకోసారి కూసింది, ఇంకోసారి తట్టింది. ఆయన కళ్ళు మూసుకుని, ఆ చేత్తోనే విన్నాడు.

ఆ తర్వాత నువ్వు పుట్టేదాకా ఆవిడ రోజూ వెళ్ళింది. అప్పుడు బస్సు కోసం కాదు. ఇప్పటికీ చినుకు పడితే నాకు ఆ బల్లే గుర్తొస్తుంది చిట్టీ. ఇప్పుడాయనకి ఎవరు తడుతున్నారో.

"చూశావా, నువ్వేనని నేను ముందే చెప్పాను."

"సరే, నేనే. చెయ్యి ఇటివ్వు. హూం... ఇదిగో, ఇలా. హూం... ఇంకోటి. కళ్ళు మూసుకుని విను."

కంచి బస్సు కదిలింది,
కథ అందులో ఎక్కింది.
మనకి ఇల్లే మిగిలింది,
చిట్టికి నిద్ర దక్కింది.