జానెడు చాలని జీను పట్టీ

కుంజరగిరి రాజుగారి గుర్రానికి ఏడాదికి ఒక్కటే పని, దసరా నాడు ఊరేగడం. మేత మాత్రం ముప్పూటలా. వానలకు వణుకుతుందని ఉలవలు, చలికి తట్టుకోవాలని బెల్లం, ఎండకు నీరసిస్తుందని మళ్ళీ ఉలవలు!

ఆ దసరాకు పొట్ట కింద బిగించే జీను పట్టీ జానెడు చాలలేదు.

"కురచగా కుట్టి నా పరువు తీశావు కదరా!" అంటూ రాజుగారు బొజ్జ అదిరేలా అరిచి, జీనులు కుట్టే పోలయ్య మీదికి కొరడా ఎత్తారు.

పోలయ్య ఆ పట్టీని తీసుకెళ్ళి ఉలవల గది తలుపుకు బిగించి కట్టేశాడు.

"గుర్రానికి కట్టరా అంటే తలుపుకు కడతావేంరా?"

"కొన్నాళ్ళు ఇక్కడ కడితే, ఆనక అక్కడ సరిపోతుంది మహాప్రభూ!"

రాజుగారు కొరడా దించి, తన బొజ్జ తడుముకున్నారు.

"సరేగానీ, మా వంటింటి తలుపు జోలికి మాత్రం రాకురా!"