బాసికాల పక్కన చీపుళ్ళు

నాగులేటి సంస్థానాన్ని ఏలే భైరవ భూపతికి ఆషాఢం వచ్చిందంటే పొద్దు గడిచేది కాదు. పెళ్ళిళ్ళుండవు, విందులుండవు, మేళాలుండవు. ఏమీ తోచక ఒకనాడు పల్లకీ ఎక్కి అంగడివీధి చూడబోయాడు. అక్కడ అమ్మేవాళ్ళంతా కూర్చుని ఈగలు తోలుకుంటున్నారు.

మర్నాడు కొలువులో వేలి నుంచి పచ్చల ఉంగరం తీసి అందరికీ చూపించాడు. బేరాలు పడిపోయినప్పుడు సొంత చేతిపని మీద బతికేవాళ్ళు ఏం చెయ్యాలో చెప్పండి, ఉపాయం పారితే ఉంగరం మీదే అన్నాడు.

ఆస్థాన సలహాదారు కామరుసు గొంతు సవరించుకున్నాడు. ఆయన సామాన్యంగా నోరు విప్పడు. కింద మెత్తటి ఆసనం, మీద శాలువా, చేతిలో తాంబూలం, అన్నీ అమిరాకే మాట బయటికొస్తుంది. ఆ రోజు అన్నీ అమిరాయి.

"ఇదేమంత పెద్ద సంగతి ప్రభూ. ధర సగానికి దించాలి. వీధివీధీ తిరిగి డప్పు కొట్టించాలి. చేతికందిన సరుకల్లా పక్కన పెట్టుకుని అమ్మాలి," అన్నాడు.

రాజు ముచ్చటపడ్డాడు. ముందు ఎవరో ఒకరి మీద పరీక్షించి చూద్దామన్నాడు. ఆ పరీక్ష వెళ్ళి వెళ్ళి కోట ఎదుటి వీధిలో పెళ్ళి బాసికాలు చేసుకుని బతికే నాంచారమ్మ మీద పడింది.

రాజుకు తాంబూలం చుట్టి ఇవ్వడం సింగన్న ఉద్యోగం. నాంచారమ్మ పేరు వినగానే అతను పరధ్యానంలో ఆకుకు సున్నం ఎక్కువ పూశాడు. తన పెళ్ళి బాసికాలు ఆవిడ చేసినవే. రాజుగారి నోరు పొక్కింది గాని ఎందుకు పొక్కిందో ఆయనకు తెలియలేదు.

నాంచారమ్మ బెండు చెక్కి, జరీ చుట్టి, ముత్యాలు కుట్టిందంటే పెళ్ళికూతురి ముఖానికి కళ వచ్చేది. అలాంటి మనిషి రాజాజ్ఞ కాదనలేక ధర సగం చేసింది. వైశాఖంలో పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ళు వచ్చి, మమ్మల్ని ముంచావా అని తగువు పడ్డారు. మధ్యాహ్నం డప్పు మోగేసరికి కునుకు తీస్తున్న వీధంతా ఆవిణ్ణి తిట్టిపోసింది. ఇక బాసికాల పక్కన చీపుళ్ళూ చేటలూ పెట్టాక, శ్రావణం ముహూర్తాలకు ముందుగా కొనబోయిన పెళ్ళివారు గుమ్మం దాకా వచ్చి, చూసి, వెనక్కి తిరిగారు.

అసలు దెబ్బ ఆ తరువాత పడింది. శ్రావణంలో రాకుమారి పెళ్ళి. బాసికాల పని నాంచారమ్మదే అనుకున్నారంతా. మహారాణి మాత్రం ముఖం చిట్లించింది.

"చీపుళ్ళ పక్కన పెట్టి అమ్మే బాసికం నా కూతురి నుదుట కట్టాలా?"

నాంచారమ్మ సింగన్న ఇంటి అరుగు మీద కూలబడి ఏడ్చింది. ఆ ఒక్క పెళ్ళి చేజారితే ఊళ్ళో ఇంకెవరూ తన గడప తొక్కరంది. సింగన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

"డప్పు తిరిగి ఇచ్చెయ్యి అత్తా. చీపుళ్ళు లోపల పడెయ్యి. తీరిక దొరికింది గదా, ఇన్నాళ్ళూ కుట్టాలనుకుని కుట్టలేకపోయింది కుట్టు. మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు.

కొలువులో కామరుసు అప్పుడే ఉంగరం కోసం చెయ్యి చాపుతున్నాడు. ఉపాయం మంచిదేనట, ఆ ముసలిదాని హస్తవాసే మంచిది కాదట.

ఆ రాత్రి భోజనమయ్యాక సింగన్న రాజుకు తాంబూలం అందిస్తూ మెల్లగా అన్నాడు.

"ఉంగరం ఇచ్చేముందు ఇంకొక్కరి మీద పరీక్షించండి ప్రభూ. పౌర్ణమి దాకా కామరుసుగారిని ఏ సలహా అడక్కండి. ఆయనకూ ఒక ఆషాఢం రానివ్వండి. అప్పటికీ ఆయన పరువు నిలబడితే నా ఉద్యోగం వదిలేసి ఊరు విడిచిపోతాను."

పొద్దుపోని రాజుకు ఇంతకంటే ఏం కావాలి. సరేనన్నాడు.

మొదట్లో కామరుసు మీసం దువ్వుకుంటూ బింకంగానే కూర్చున్నాడు. రాజు అటు చూడలేదు. దగ్గాడు, అయినా చూడలేదు. ఆయన గుండెల్లో రాయి పడింది. శాలువా అక్కర్లేదన్నాడు, తాంబూలం లేకపోయినా పర్వాలేదన్నాడు. ద్వారం దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళను ఆపి సలహాలివ్వడం మొదలెట్టాడు. జనం చుట్టూ తిరిగి వెనక వాకిలి నుంచి వెళ్ళసాగారు. చివరికి ఏనుగుకు ఎలా స్నానం చేయించాలో మావటివాడికి చెప్పాడు. పప్పుచారులో బెల్లం ఎంత వెయ్యాలో వంటశాలకు వెళ్ళి మరీ చెప్పాడు. వంటవాడు గరిటె ఆయన చేతికే ఇచ్చి బయటికి నడిచాడు.

పౌర్ణమినాడు నిండు కొలువు. పొరుగు రాజు ఏటి గట్టు తనదంటూ కబురు పంపాడు. భైరవ భూపతి గంభీరంగా, కామరుసుగారిని అడుగుదామా అన్నాడు. మావటివాడు తల దించుకున్నాడు. వంటవాడు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తెర వెనక నుంచి మహారాణి గొంతు వినిపించింది.

"పప్పుచారులో బెల్లం సంగతి చెప్పుకు తిరిగే మనిషిని రాజ్యం సరిహద్దు అడగాలా?"

కామరుసు ముఖం మాడిపోయింది. మొన్నటిదాకా మంత్రులంతా తలొగ్గిన మనిషి కదా, ఇంతలో ఏమైందని రాజు ఏమీ ఎరగనట్టు అడిగాడు. సింగన్న చేతులు కట్టుకున్నాడు.

"కామరుసుగారి తెలివి ఎక్కడికీ పోలేదు ప్రభూ. బేరం తగ్గిందని తన సలహా తానే పాటించారు, అంతే."

కొలువు గొల్లున నవ్వింది. నాంచారమ్మ గురించి తానన్న మాట మహారాణికి గుర్తొచ్చింది. వెంటనే ఆవిణ్ణి పిలిపించింది. నాంచారమ్మ కొంగు చాటు నుంచి ఒక బాసికం తీసి చూపింది. నడుమ నెమలి, దాని పింఛం నిండా పచ్చపూసలు. ఖాళీగా ఉన్నాను గనక కుట్టగలిగాను తల్లీ అంది. మహారాణి దాన్ని కళ్ళకద్దుకుంది. పెళ్ళి పనంతా నీదే, ధర కూడా నువ్వు చెప్పిందే అంది. నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంటూ సింగన్న వైపు చూసింది.

రాజు ఉంగరం తీసి సింగన్న వేలికి తొడిగాడు.

"మరి ఆ మిగిలిపోయిన చీపుళ్ళు ఏం చేద్దాంరా?" అన్నాడు నవ్వాపుకుంటూ.

"కామరుసుగారింటికి పంపండి ప్రభూ. సగం ధరకు కాదు, పూర్తి ధరకే."