కుండీలోని ఆలివు చెట్టు: మితగౌరి వ్రతకథ

“వరహాలమ్మ ఇంటి కుండీలో చెట్టు ఆకులు దులిపేస్తన్నదట, సముద్రం మీదికి పోయిన ఆమె పెనిమిటి ఇంక రాడట” అని పొరుగింటి సన్నెమ్మ నూతికాడ అనగా, ఆ మాట కడవలెక్కి, కావళ్లెక్కి, కట్టెలు కొట్టువారి నోట పడి మునుల ఆశ్రమము దాకా వచ్చెను. అది విని వేణుగర్భుడను ముని తన గురువును సమీపించి, చెట్టు వాడినచో మనిషి వాడునా, ఆ ఇల్లాలి భయము తీర్చు వ్రతమేదైన గలదా అని అడిగెను. గురువు దివ్యదృష్టితో జరిగినదియు జరుగబోవునదియు చూచి యిట్లు చెప్పెను.

మొగలిరేవను పట్టణమున చినవీరన్న అను ఓడవర్తకుడుండెను. అతడు పడమటి దేశమునుండి ఒక ఆలివు మొక్కను తెచ్చి, రేవులోని బురదనేల దానికి పడదని మట్టికుండీలో నాటెను. అది చెట్టాయెను. మరల ఓడ యెక్కునాడు భార్య వరహాలమ్మతో, ఇది పచ్చగా నున్నంతకాలము నాకు క్షేమమని చెప్పి పోయెను.

ఆ మాటతో ఆమెకు కంటిమీద కునుకు లేకపోయెను. చెట్టుకు గాలి తగిలిన భయము, ఎండ తగిలిన భయము. దానిని ఎత్తించి దేవుని గదిలో పెట్టించెను. తులసమ్మకు పోసినట్లు పొద్దున ఒక చెంబు, మాపున ఒక చెంబు పోసెను. అడుగు చిల్లునుండి నీరు కారుట చూచి, అయ్యో తీర్థము వృథా పోవుచున్నదని బంకమట్టితో పూడ్చెను. ఆకులు పండెను. హడలిపోయి పాలు కూడ పోసెను. ఆకులు రాలెను. చినవీరన్న ఓడకు తెరచాప చినిగెనని రేవున వార్త వచ్చెను. ఇంకను పోసెను. కొమ్మల చివరలు నల్లబడెను. ఓడ దారి తప్పెనని మరియొక వార్త వచ్చెను.

అంతట మితము నేర్పు దేవతయగు మితగౌరీదేవి గాజులమ్ము ముసలిదై వాకిట నిలిచి దాహమడిగెను. వరహాలమ్మ చెంబెడు నీళ్లిచ్చెను. అవి తాగీ తాగకముందే రెండవ చెంబు, ఆ వెంటనే మూడవ చెంబు బలవంతముగ నోటికెత్తెను. ముసలమ్మకు పొలమారి కండ్లు తేలిపోయెను.

“చంపేస్తావేటే! ఇంకా కావాలా అని ఒక్క మాట అడిగేవా?”

“తక్కువైపోతాదేమోనని భయమమ్మా.”

“నీ భయానికి దాహమేస్తే నువ్వు తాగు. దాని నోట్లో పొయ్యకు.”

అని గసిరి, వ్రతవిధానము చెప్పెను. చిల్లు పూడ్చిన మట్టి తీయవలెను. చెట్టును ఎండలో నుంచవలెను. వేలు సగము దాకా మట్టిలో గుచ్చి చూడవలెను. తడి తగిలినచో చేయి ముడుచుకొని వెనుదిరుగవలెను; పొడిగా నున్ననే అడుగున కారువరకు పోయవలెను. పోయని నాడు ఊరక కూర్చుండుటయే పూజ. అంత దేవి అదృశ్యమాయెను.

వరహాలమ్మ అట్లే చేసెను. ఊరక కూర్చున్నప్పుడెల్ల చేయి చెంబు మీదికి పోయెను గాని, వెనుకకు తీసికొనెను. చెట్టు చిగిర్చెను. ఓడ దారిన పడెనని కబురు వచ్చెను.

ఒక శుక్రవారము సన్నెమ్మ వచ్చి పైమట్టిని చూచెను. “మొగుడి పేణానికి చెంబెడు నీళ్లు కరువైపోయాయా వదినా? మట్టి చూడు, నెర్రెలిచ్చేసింది!” అనెను. అది విని అత్త అచ్చియమ్మ గొల్లుమనెను. ఆ ఏడ్పుకు వరహాలమ్మ వ్రతము మరచి, వేలు గుచ్చి చూడక, చిల్లు పూడ్చి, కడవెడు నీళ్లు కుమ్మరించెను. అడుగుమట్టి అదివరకే తడిగా నుండెను. ఒక కొమ్మ మొదలంట ఎండెను. ఆమె చిల్లు తెరచి, మరల వ్రతము పట్టెను. ఆ ఎండిన కొమ్మ వైపు చూచుటకు మాత్రము ఆమెకు ధైర్యము చాలలేదు.

కొన్నాళ్లకు ఓడ నిండు సరకుతో రేవు చేరెను. చినవీరన్న దిగెను. అతని ఎడమచేయి ఎండుకొమ్మవలె వ్రేలాడుచుండెను. తెరచాపకొయ్య విరిగి మీద పడెనని చెప్పెను. ఎప్పుడు నాయనా అని తల్లి అడుగగా, కడవెడు నీళ్లు కుమ్మరించిన ఆ శుక్రవారమే అని చెప్పెను.

కావున వేణుగర్భా, సముద్రము మీద మనుషులున్న వారును, జ్వరపడిన బిడ్డ మంచము విడువని తల్లులును, భయము పుట్టినంతనే చేయి ఊరకుండని వారెల్లరును ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి వాడినది చిగుర్చును, పోయినవారు గడప తొక్కుదురు, ఇల్లు సిరితో నిలుచును. వ్రతభంగము చేసినవారికి దక్కినంతయే దక్కును.

వ్రతసమాప్తినాడు ముత్తైదువలు అక్షతలు పట్టుకొని కుండీ చుట్టు కూర్చుండిరి. సన్నెమ్మ, “మట్టి నెర్రెలిస్తే నీళ్లు పొయ్యమనే కదా వదినా, ఎవరైనా చెప్తారు” అనెను. వరహాలమ్మ మట్టిలో వేలు గుచ్చి, తడి చూచి, చెంబు పక్కన పెట్టెను. అప్పుడామె ఇట్లనెను.

“నువ్వు చెప్పేవు. నేను పోసేను. ఆయన చెయ్యి మీద పోసేను.”